పోగు పునరుక్తి కాదు

గత ఉగాదికి మా సంఘమువారు బాలబాలికలకు వ్యాసరచనలో పోటీ యొకటి పెట్టిరి. విషయము 'మా యిల్లు'. పదుమూడేండ్ల బాలిక యొకతె తన వ్యాసము నడుమ మూడు వాక్యము లిట్లు వ్రాసెను: "తాత మగ్గములో తెగిన పోగులు అతికినాడు. నూలు కొనడానికి డబ్బు లేనప్పుడు అవ్వ చెవిపోగులు కుదువబెట్టినది. ఇద్దరూ కూలిడబ్బు పోగుచేసి ఈ ఇల్లు కట్టినారు."

పరీక్షకులు ఈ మూడు వాక్యములలోని మూడు 'పోగు'ల క్రిందను ఎఱ్ఱసిరాతో గీతలు గీసిరి. అంచున 'పునరుక్తి, గ్రామ్యము' అని వ్రాసిరి. వాని స్థానమున వరుసగా 'దారములు', 'కర్ణాభరణములు', 'సేకరించి' అని దిద్దిరి. బహుమానము 'మా గృహము నందనవనమువలె నొప్పుచుండును' అని ప్రారంభించిన మఱియొక వ్యాసమునకు పోయినది. ఆ బాలిక యేడ్వలేదు. కాగితమును నాలుగు మడతలు పెట్టి సంచిలో నుంచుకొని, ఇంటికి పోవునపుడు తల్లితో తమిళమున ఒక్క మాట మాత్రము చెప్పినదట: వచ్చే యేడు నేను తమిళపోటీకే పోయెదను, అక్కడ నా మాటలు తప్పు గావు, అని.

ఈ కథ సంఘసభ్యుల చెవిని పడినపుడు కొందఱు నవ్వి యూరకుండిరి. మేము నవ్వలేకపోతిమి. ఆ పరీక్షకులు చదువుకొన్నవారు, సజ్జనులు. వారిపై మాకు పగ లేదు. కాని వారి చేతి కలము మన యందఱి చేతిలోను ఉన్నది. ఇంట పుట్టిన మాటను చూచి సిగ్గుపడుట, పుస్తకమున నున్న మాటను చూచి చేతులు జోడించుట, ఈ రెండును మన ప్రవాసాంధ్ర కుటుంబములకు పట్టిన పాత జాడ్యములు. ఆ కలముతో మనము వాదింపవలసియున్నది. అందుకే యీ వ్యాసము.

మొదట మాటను చూతము. మగ్గముపై నున్న పడుగులో ఒక్కొక్కటియు పోగు. రాట్నమునుండి వచ్చినది పోగు. చీర చెఱగున అంచు విడిపోయినచో పోగు లూడినవందుము. జంధ్యమున నుండునవి పోగులు. ఇది యొక యర్థము. చంటిబిడ్డకు చెవులు కుట్టించినపుడు పెట్టు సన్నని బంగారపు తీగ పోగు. ముసలివారి చెవులనుండినదియు పోగే. ఇది రెండవది. కల్లములోని ధాన్యము పోగు. చేను దున్నుటకు ముందు గట్టున వేసిన రాళ్లు పోగు. సంతలో చేపలను, కూరగాయలను తూకము లేకుండ విడివిడి కుప్పలుగా నుంచి అమ్మునపుడు ఒక్కొక్క కుప్ప ఒక్కొక్క పోగు. ఇది మూడవది. దానినుండి క్రియలు పుట్టినవి: డబ్బు పోగుచేయుదుము, జనము పోగగుదురు, ఋణము వడ్డీతో పోగుపడును. ఇవి చాలక, అల్పమైన కానుకను భక్తితో నిచ్చునపుడు 'చంద్రునికో నూలుపోగు' అందుము. నెలపొడుపును చూచి కట్టుబట్టనుండి నూలుపోగు తీసి చంద్రునకు సమర్పించు పాత యాచారమునుండి ఆ పలుకుబడి వచ్చినది.

ఒక్క మాట ఇన్ని యిండ్లలో కాపురము చేయుచున్నది. దీనిని దారిద్ర్య మనవచ్చునా? మాటలు చాలక ఒక్కమాటనే పదిచోట్ల వాడుచున్నామని పరీక్షకుల యూహ. మేమట్లు తలంపము. నేతవాని కంటికి కుప్పయు పోగులే, బట్టయు పోగులే. ఒక్కొక్కటిగా నున్నప్పుడు గాలికి ఎగిరిపోవు వస్తువు, ఒక్కచోట చేరినపుడు ఒడలు కప్పును. ఒక్కటిగా నున్న దానికిని, చేరియున్న దానికిని ఒకే పేరు పెట్టిన జాతి ఆలోచన లేక పెట్టినదని మేము నమ్మజాలము.

ఇక దిద్దుబాటును చూతము. 'పోగులు' కొట్టివేసి 'దారములు' అనిరి. మగ్గమెఱిగిన వాడెవ్వడును ఈ రెంటిని ఒకటి చేయడు. దారమనగా పేనినది, ముడి వేయుటకును కుట్టుటకును పనికివచ్చునది. పోగు అందులోని యొక పాయ. నూలు లెక్క యెట్టిదో చూడుడు. 840 గజముల నూలు ఒక చిలుప. ఒక పౌనునకు ఎన్ని చిలుపలు తూగునో అది ఆ నూలు నంబరు. 80 నంబరు నూలనగా పౌనునకు 80 చిలుపలు, అనగా 67,200 గజములు, రమారమి 38 మైళ్ల పొడవు! ఒక్క పౌను బరువులో 38 మైళ్లు సాగు ఆ సన్నని దానిని తాత వ్రేళ్ల కొనలతో పట్టి అతికినాడని ఆ బాలిక వ్రాసినది. దారమును అతుకుటలో ఏమి నేర్పున్నది? పరీక్షకులు మాటను మార్చి తాతగారి నేర్పును తీసివేసిరి.

'చెవిపోగులు' కొట్టివేసి 'కర్ణాభరణములు' అనిరి. కర్ణాభరణములు రాణివాసమునను ఉండును, నాటకపు పెట్టెలోను ఉండును. చెవిపోగు పేదయింట నుండు తుదిసొమ్ము. మెడలోనిది పోయి, చేతిలోనిది పోయి, తుదకు చెవినున్న కొంచెపు బంగారము మాత్రమే మిగిలినపుడు దానిని తీసి కుదువబెట్టిన స్త్రీ మనస్సు ఆ మాటలో నున్నది. 'కర్ణాభరణములు కుదువబెట్టినది' అనినచో ఆమె యెవరో గొప్పయింటి కోడలని తోచును. అవ్వ కథ మఱుగుపడును.

'పోగుచేసి' కొట్టివేసి 'సేకరించి' అనిరి. చందాలు సేకరింతుము, తపాలాబిళ్లలు సేకరింతుము. కూలిడబ్బు సేకరించువాడు మేస్త్రీ యగును గాని కూలివాడు కాడు. కూలివాడు పోగుచేయును. నేడు అణాయో రూపాయో, రేపు ఏమియు లేదు, ఎల్లుండి మఱికొంత, ఈ విధముగా కూడుట పోగుచేయుట.

వెరసి, పునరుక్తి యనబడిన ఆ మూడు మాటలును మూడు వేఱువేఱు వస్తువులను చెప్పినవి. దిద్దిన మూడు మాటలలో ఒక్కటియు చెప్పవలసినది చెప్పలేదు. ఇచ్చట పరీక్షకుల పక్షమున నొక్క మాట చెప్పుట న్యాయము: మూడు వాక్యములలో ఒకే ధ్వని ముమ్మాఱు వచ్చినచో చెవికి కొంత విసుగు పుట్టవచ్చును. చేయి తిరిగిన రచయిత యైనచో ఒకదానిని తప్పించి యుండును. కాని ఆ బాలిక చేయి తిరిగిన రచయిత్రి కాదు, మఱియు ఆమె వ్రాసిన మూడును ఒకే బ్రతుకునుండి వచ్చినవి. తెగిన పోగు, తాకట్టుపడిన పోగు, కూడిన పోగు: ఆ యింటి ముప్పదియేండ్ల చరిత్రము ఈ మూడింటిలో నున్నది. తెలిసి వ్రాసినదో తెలియక వ్రాసినదో గాని, ఆ వాక్యములలో ఆ మాట తప్ప మఱియొకటి యిముడదు.

మన పొరుగువా రిట్టి మాటలను ఏమి చేయుచున్నారో చూతము. తమిళమున 'ఇళై' అనగా నూలుపోగు. ఆ మాటకే ఆభరణ మను నర్థము కూడ కలదు. ప్రాచీనకవులు స్త్రీని 'ఆయిళై', 'సేయిళై' యని పిలిచినపుడు చక్కని నగలు తాల్చినదని భావము. అనగా మన 'పోగు'నకు ఏ రెండర్థములు కలవో వారి 'ఇళై'కిని ఆ రెండును కలవు! తమిళపండితుడు దానిని గ్రామ్య మనునా? అనడు, కావ్యమున గద్దె వేసి కూర్చుండబెట్టినాడు. 'నూల్' అను వారి మాట సంగతి యింకను గొప్పది. మన 'నూలు'నకు తోబుట్టువైన ఆ మాటకు తమిళమున దారమనియు శాస్త్రగ్రంథమనియు అర్థములు. పవణంది రచించిన 'నన్నూల్' అను వ్యాకరణము గ్రంథరచనను నూలు వడకుటతో పోల్చుచు, మాటలను ప్రత్తితోను కవిని వడకు స్త్రీతోను సరిచూచును. కన్నడమున 'ఎళె' యనిన పోగు, లాగుట, లేతదనము, ఈ మూడును వినబడును. కన్నడిగులు పడుగుపేకలను 'హాసుహొక్కు' అందురు. ఏదైన జీవితములో కలిసిపోయినదని చెప్పుటకు వారి పెద్ద రచయితలు సైతము ఆ మాటనే వాడుదురు. మహారాష్ట్రమున ఇద్దఱికి మనసులు కలిసినచో 'సూత్ జుళలే' అందురు, నూలు కలిసినదని. సంస్కృతము మాట చెప్పనే యక్కఱలేదు: సూత్రమనిన దారము, శాస్త్రవాక్యము, తంత్రమనిన మగ్గము, శాస్త్రము. ఏ భాషను జూచినను నేతమాట గౌరవస్థానమున నున్నది. మన పరీక్షాపత్రముననే అది దోషమైనది!

'గ్రామ్యము' అను రెండవ నిందకు సమాధానము. ఆ మాటకు పాతరూపము 'ప్రోగు'. క్రొత్త కొత్తయై, ప్రాత పాతయై, క్రింద కిందయైనట్లు ప్రోగు పోగైనది. రెండు రూపములును నిఘంటువుల కెక్కినవి. ఈ రేఫలోపమే గ్రామ్యతకు గుర్తైనచో 'కొత్త' యని పలికిన ప్రతివానిని మనము సభనుండి వెళ్లగొట్టవలసి యుండును. మేమీ వ్యాసమును గ్రాంథికచ్ఛాయలోనే వ్రాయుచున్నాము. పెద్దలు నేర్పిన పద్ధతి అది, దానిపై మాకు మమకారము కలదు. కాని గ్రాంథికమునకు ప్రేమపాత్రమగుటకు ఇంటిమాటను చంపనక్కఱలేదు. 1863లో పుట్టి 1940లో కన్నుమూసిన గిడుగు రామమూర్తిగారు వాడుకమాట గౌరవమునకై జీవితమంతయు పోరాడిరి. వారు చిరకాలము పనిచేసినది నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడిలో. వారు తెలుగుతో తృప్తిపడక, సవరల యడవికి పోయి వారి నోటిమాటలను వ్రాసికొనిరి. సరిహద్దు ఊరిలో నివసించిన తెలుగువాడు పరులయింటి మాటను కూడ నట్లు ఆదరించెను. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషాదినమని మనము జరుపుకొందుము. ఆ దినమున దండ వేసిన చేతితోనే మఱునాడు బాలిక మాటను కొట్టివేయుట ఏమి ధర్మము?

మనలో నందఱును నేతవారు కారు. సేనలతో వచ్చినవారు, సేద్యమునకు వచ్చినవారు, వర్తకమునకు వచ్చినవారు కలరు. కొందఱు ఎచటికిని రాలేదు. ఎల్లలే వారిని దాటిపోయినవి. 1936లో ఒడిశా రాష్ట్రమేర్పడగా బరంపురపు తెలుగువారు, 1953లో బళ్లారి తెలుగువారు, 1960లో తిరుత్తణి తెలుగువారు ఇల్లు కదలకయే పొరుగువారైరి. యానామువారు ఫ్రెంచివారి యేలుబడిని 1954 వఱకు చూచిరి. కాని యీ ప్రవాసములలో మగ్గము చప్పుడు వినబడని ప్రాంత మరుదు. బరంపురపు పట్టును నేయు దేవాంగులు తెలుగుదేశమునుండి పోయినవారు. ఆ యూరి బుఢీఠాకురాణి జాతర రెండేండ్ల కొకసారి ఆ నేతకులపు పెద్దయైన దేశిబెహెరా ఆధ్వర్యమున జరుగును, ఊరంతయు నందు పాల్గొనును. సోలాపురపు దుప్పట్ల కీర్తి వెనుక తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలి కుటుంబముల చెమట యున్నది. కంచిలోను, ఆరణిలోను, సేలములోను, భివండిలోను తెలుగుచేతులు నేసినవి. మన భాష ఇచ్చటికి కావ్యములతో మాత్రమే రాలేదు. కండెలతోను నాడెలతోను వచ్చినది. అట్టిచో నేతమాటను గ్రామ్యమని త్రోసిపుచ్చుట యనగా మనలను ఇచ్చటికి తెచ్చిన బండిని మనమే తగులబెట్టుట.

ఇంకొక యాక్షేపము వినవచ్చుచున్నది. "మా పిల్లలకు మగ్గముతో పనిలేదు. వారు బెంగుళూరులో కంప్యూటరు ముందు కూర్చుండువారు. పోగు, పడుగు, పేక, కండె, ఇవి వారి కెందుకు?" అని. ఈ మాట చెప్పినవారు తమ పిల్లలను ఒక్కసారి ప్రశ్నింతురు గాక. ఆ కంప్యూటరు శాస్త్రములో ఒకేకాలమున సాగు పనులలో ఒక్కొక్కదానిని 'థ్రెడ్' అందురు. అనగా పోగు! ఇంగ్లీషువాడు నేతమాటను తీసికొనిపోయి యంత్రములో పెట్టినాడు, మన పిల్లవాడు దినమునకు నూఱుసార్లు దానిని పలుకుచున్నాడు, సిగ్గుపడుటలేదు. వారు చదువు 'టెక్స్టు' అను మాట కూడ నేయుట యను లాటిను ధాతువునుండి పుట్టినదే. 1804లో ఫ్రాన్సుదేశపు జకార్డు రంధ్రముల అట్టలతో పూలనేతను నడిపిన మగ్గమును చేసెను. పిమ్మట లెక్కల యంత్రములను యోచించినవారు ఆ యట్టలనే ఆదర్శముగా గైకొనిరి. కంచిమగ్గముపై జకార్డు పెట్టెను ఎక్కించిన తాతకును, బెంగుళూరిలో నున్న మనుమనికిని నడుమ దూరము లేదు. ఆ దూరమును సిగ్గు సృష్టించినది. పరభాషలోని పోగును గౌరవించి, తన భాషలోని పోగును దాచుకొనువానిని ఏమనవలెనో పాఠకులే నిర్ణయింతురు గాక.

ఇంతవఱకు పరీక్షకులను, పిల్లల తల్లిదండ్రులను అంటిమి. ఇక సంఘములను, అనగా మమ్ములను మేమే, అనక తప్పదు. మన సంఘములు ఏడాదికి ఒక యుగాది జరుపును. పంచాంగశ్రవణము, ఒక హరికథ, నాలుగు పాటలు, ముఖ్య అతిథికి శాలువ, పులిహోర, వందనసమర్పణ. తరువాత మూడువందల యఱువది దినములు తలుపు మూతపడియుండును. ఇది చంద్రునికో నూలుపోగు. ఆ యాచారమున తప్పు లేదు. కాని పూర్వులు నూలుపోగు నెచ్చటినుండి తీసిరి? తాము కట్టుకొన్న బట్టనుండి. ఒంటిమీద బట్ట యుండెను గనుక ఒక పోగు దేవతకు ఇచ్చిరి. మనము ఇంట తెలుగు మాటాడక, పిల్లలకు అక్షరములు నేర్పక, సభలో మాత్రము తెలుగుతల్లికి పోగు సమర్పించుచున్నాము. చంద్రునకు బట్ట కొదువ లేదు. కొదువ మన యింటిలో నున్నది.

"ప్రభుత్వములు అవకాశ మియ్యకున్నచో మేమేమి చేయుదుము?" అందురా? ప్రభుత్వములను అడుగవలసినది అడుగుదము. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషలో చదువు చెప్పు సదుపాయములు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. అది మన హక్కు, దానిని విడువరాదు. 2006లో తమిళనాడు చేసిన చట్టము తమిళమును పదవ తరగతివఱకు దశలవారీగ నిర్బంధపాఠ్యము చేసినది. దానివలన తెలుగుబడులకు కలిగిన యిబ్బందిని చెప్పుకొనుటకు న్యాయస్థానములకు పోయినవారిని మేము తప్పుపట్టము. కాని చట్టము బడిని శాసించును గాని వంటయింటిని శాసింపదు. అవ్వ 'పోగు' అనినపుడు మనుమరాలు 'పోగు' అనకుండ నిలుపు చట్టము ఏ రాష్ట్రమునను లేదు. అది నిలిచిపోయినచో అందుకు మనమే కారణము.

పొరుగుభాషతో మాకు తగవు లేదని కూడ స్పష్టముగ చెప్పెదము. తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో మన బిడ్డలు చక్కగ చదువవలెను. ఆ నేల యన్నము తినుచున్నారు. పడుగు ఒక్కటే యున్నచో బట్ట కాదు, పేక కావలెను. మన భాష పడుగు, నివసించు నేల భాష పేక. రెండును గట్టిగ నున్ననే బట్ట నిలుచును. ఆ బాలిక తమిళపోటీకి పోవుట మాకు సంతోషమే. కాని తెలుగు మాట తప్పని తెలుగువారే చెప్పిరని పోవుట మాత్రము మాకు తలవంపు.

చేయవలసిన పని ఏది? ఇక్కడను నేతపనియే మనకు దారి చూపును. ఒక పడుగు నేసి ముగియుసరికి నేతగాడు మగ్గమును ఖాళీ చేయడు. పాతపడుగు కొసలను అచ్చుపన్నెలలో నట్లే యుంచును. క్రొత్తపడుగును తెచ్చి, దాని ప్రతిపోగును పాతపోగు కొసతో నొక్కొక్కటిగా వ్రేళ్లతో మెలిపెట్టి అతుకును. దీనినే అచ్చు అతుకుట యందురు. అంగుళమునకు 80 పోగుల వంతున 48 అంగుళముల పన్నాకు 3,840 పోగులు. అన్నియు అతుకవలెను, ఒక్కటి విడిచినను బట్టలో గీత పడును. అందఱు కూడి చప్పట్లు కొట్టినచో అతుకునది కాదది. ఒకరు కూర్చుండి ఒక్కొక్క పోగును పట్టవలసినదే. ఒకవేళ పాతకొసలను కోసివేసినచో, పోగులన్నింటిని మొదటినుండి అచ్చులో దూర్చుకొనుచు రావలెను. ఆ శ్రమ పడలేక మగ్గమును మూలపెట్టినవారు కలరు.

మన యిండ్లలో పాతకొసలు ఇంకను ఉన్నవి. డెబ్బది యెనుబదియేండ్ల అవ్వలు, తాతలు, వారి నోట నున్న మాటలు. వారు పోయిన పిదప అతుకుటకు కొసలుండవు. కనుక మేము సంఘమువారి ముందు మూడు కోరికలు పెట్టుచున్నాము. మొదటిది: వ్యాసపోటీలలో ఇంటిమాటను తప్పుగా గీయరాదని పరీక్షకులకు ముందుగనే వ్రాసి యీయవలెను. అక్షరదోషమును దిద్దుదురు గాక, మాటను మార్చరాదు. రెండవది: వారమునకు ఒక గంట, ఏదైన యొక యింట, అయిదుగురు పిల్లలున్నను చాలును, తెలుగు చదువను వ్రాయను నేర్పవలెను. ముఖ్య అతిథి శాలువకగు వ్యయముతో ఏడాదికి కావలసిన పలకలు, పుస్తకములు వచ్చును. మూడవది: ప్రతి కుటుంబమును తన యింటి వృత్తికి సంబంధించిన మాటలను, నేతయైన నేత, సేద్యమైన సేద్యము, కమ్మరమైన కమ్మరము, పెద్దల నోట విని ఒక పుస్తకమున వ్రాయవలెను. పిల్లలే వ్రాయవలెను, పెద్దలు చెప్పవలెను. ఆ వ్రాతలోనే అతుకు పడును.

ఈ పనులు చిన్నవని నవ్వువారుందురు. పోగు చిన్నదే. 38 మైళ్లు సాగినను ఒక పౌను బరువునకు మించనిది. కాని దానిని హేళన చేసినవాడెవ్వడును దిసమొలతో సభకు రాలేదు. ఎవరో నేసిన బట్ట కట్టుకొనియే వచ్చినాడు.

ఈ సంచికా సంపాదకులకు మేమొక మనవి చేసితిమి. ఆ బాలిక వ్రాసిన మూడు వాక్యములను ఒక్క యక్షరమైన దిద్దక అచ్చు వేయుడని కోరితిమి. వారు అంగీకరించిరి. ఈ వ్యాసము మొదట నున్నవి అవియే. ఆ కాగితమును నాలుగు మడతలు విప్పి మాకిచ్చినది ఆమె తల్లి. వచ్చే యుగాదికి ఆ బాలిక మరల మన పోటీకి వచ్చునో రాదో మాకు తెలియదు. వచ్చినచో ఆమె తెచ్చు కాగితము ముందు ఏ రంగుసిరా కలముతో కూర్చుండవలెనో, ఈ యేడాదిలో మనమందఱము నిశ్చయించుకొందము.